బిడ్డను ఎత్తుకోకండి, పక్కన నిలబడండి

ప్రశ్న: మాది జడ్చర్ల దగ్గర ఒక పల్లె. నా బిడ్డకు తొమ్మిదేండ్లు నిండినయి. ఐదేండ్లప్పుడు దుకాణానికి పోయి వస్తుంటే గల్లీల నల్ల కుక్క పిక్క పట్టుకున్నది. సర్కారు దవాఖానల సూదులన్నీ ఏయించినం. పుండు మానింది గాని భయం పోలే. ఆ రోజు ఇంటి ముంగట ఆడోళ్లంత జమై, కుక్క కరిస్తే పిచ్చి లేస్తది, మనిషి మొరుగుతడు అని మాట్లాడుకుంటుంటే పిల్ల వింటనే ఉన్నది. మొదట్ల ఆ నల్ల కుక్కను చూస్తేనే ఏడ్చేది. తర్వాత ఏ కుక్కయినా అంతే. ఇప్పుడు టీవీల మొరిగినా చెవులు మూసుకుంటది, మేకపిల్ల దగ్గరికొచ్చినా కేక పెడ్తది. నేను ఎత్తుకుంటేనో, ఇంకో గల్లీ నుంచి తిప్పుకపోతేనో ఊకుంటది. బడి దగ్గర్నే ఉన్నా వాళ్ల నాయన బండి మీద గేటు లోపలి దాంక దించి వస్తడు. పోయిన దసరాకు మా తమ్ముడు భయం పోగొడ్తనని కుక్కపిల్లను తెచ్చి ఒళ్లె పెట్టిండు. పిల్ల బిగుసుకపోయి బట్టలు తడుపుకున్నది. అప్పటి సంది మామ వస్తున్నడంటే లోపలి అర్రల దాసుకుంటది. మా అత్త జేపీ దర్గాకు తీస్కపోయి తాయత్తు కట్టించింది. ఇప్పుడు గురుకులంల ఐదో తరగతి సీటు వచ్చింది, జూన్‌ల చేరాలె. ఆడ కుక్కలుంటయని పోనంటది. పెద్దగయితే అదే పోతదా? గోలీలేమన్న ఉన్నయా? గురుకులానికి పంపాల్నా, వద్దా? మూడేండ్ల కొడుకు గూడ అక్కను చూసి, కుక్క కనపడితే నా కొంగు పట్టుకుంటున్నడు. వానికి గూడ ఇదే వస్తదా?

సమాధానం:

అమ్మా, ఈ భయం పోతుంది. ముందు ఆ మాట చెప్పి తర్వాత మిగతావి రాస్తాను. ఒక జంతువుకో, ఒక వస్తువుకో కట్టుబడిన ఫోబియాలు చికిత్సకు బాగా లొంగుతాయి. కాకపోతే పెద్దయితే అదే పోతుందని చూస్తూ కూర్చోవద్దు. చీకటి, ఉరుములు, జంతువులు, కొత్త మనుషులు అంటే చిన్నపిల్లలకు ఉండే భయాలు చాలావరకు వాటంతటవే తగ్గిపోతాయి. ఆరు నెలలు దాటినా తగ్గకుండా, బడికీ ఆటకూ అడ్డం పడే భయాన్ని వైద్యులు ఫోబియా అంటారు. మీ బిడ్డకు నాలుగేళ్లుగా ఉంది. తగ్గకపోగా టీవీ దాకా, మేకపిల్ల దాకా పాకింది. ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో తెలిస్తే ఏం చేయాలో చాలావరకు తెలిసిపోతుంది. అందుకే కొంచెం వివరంగా చెబుతున్నాను, ఓపికగా చదవండి.

నొప్పి తగిలినా, చెవి పక్కన పెద్ద చప్పుడైనా జడుసుకోవడం మనకు ఎవరూ నేర్పరు. ఆ క్షణంలో కళ్లముందు ఏది ఉంటే దానితో ఆ భయం ముడిపడిపోతుంది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్‌లోవ్ తన కుక్కల్లో ఇలాంటి ముడినే చూశాడు. తిండికి ముందు వినిపించే చప్పుడుకే వాటి నోట్లో నీళ్లూరేవి. భయం కూడా ఈ దారినే రావచ్చని 1920లో అమెరికాలో జాన్ వాట్సన్, రోజలీ రేనర్ అనే పరిశోధకులు చూపించారు. ఏడాది నిండని ఆల్బర్ట్ అనే పిల్లవాడు మొదట తెల్ల ఎలుకను చూసి చెయ్యి చాపేవాడు. వాడు దాన్ని ముట్టుకోబోయినప్పుడు తల వెనక ఇనుప కడ్డీని సుత్తితో కొట్టారు. అలా కొన్నిసార్లు జరిగేసరికి చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తే చాలు, ఏడుస్తూ పక్కకు పాకిపోయాడు. తర్వాత కుందేలును చూసి, కుక్కను చూసి, చివరికి బొచ్చు కోటును చూసి కూడా బెదిరాడు. ఆ భయాన్ని పోగొట్టకుండానే పిల్లవాణ్ని పంపేశారు. దాన్ని చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఇవాళ అలాంటి ప్రయోగానికి ఎక్కడా అనుమతి దొరకదు.

మీ ఇంట్లో జరిగింది కూడా ఇదే వరస. ముందు ఆ ఒక్క నల్ల కుక్క, తర్వాత ప్రతి కుక్క, ఆ పైన మొరుగుడు, ఇప్పుడు మేకపిల్ల. నాలుగు కాళ్లు, ఒంటి నిండా బొచ్చు, ఉన్నట్టుండి మీదికి రావడం, ఈ మూడూ మేకపిల్లలో ఉన్నాయి కదా. ఇది ముదిరి పిచ్చి అవుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. ఒక చెడ్డ అనుభవం నుంచి మెదడు నేర్చుకున్న పాఠం ఇది. దాని మీద కొత్త పాఠం నేర్పవచ్చు.

అయితే కుక్క కరిచిన వాళ్లందరికీ ఫోబియా రాదు. 1988లో అమెరికాలో ఒక అధ్యయనం చేశారు. కుక్కలంటే బాగా భయపడేవాళ్లనూ, అసలు భయం లేనివాళ్లనూ కుక్కలతో ఎదురైన చెడు అనుభవాల గురించి అడిగితే, రెండు గుంపుల్లోనూ అలాంటివాళ్లు దాదాపు సమానంగానే తేలారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, భయపడేవాళ్లు కుక్క ఎదురైతే తమకు హాని తప్పదని ముందే గట్టిగా అనుకుంటున్నారు. అంటే కాటు ఒక్కటే కారణం కాదు. కాటు తర్వాత ఏం విన్నాం, ఏం చూశాం, ఏం చేశాం అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. స్టాన్లీ రాక్‌మన్ అనే మనస్తత్వవేత్త 1977లో భయం వచ్చే దారులు మూడని చెప్పాడు. ఒకటి స్వయంగా దెబ్బ తినడం, రెండు ఇంకొకరు బెదరడం చూడటం, మూడు మాటల్లో వినడం. మీ బిడ్డ విషయంలో మొదటిదీ మూడోదీ ఒకే రోజు జరిగాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఆ మూడోదే. ఐదేళ్ల పిల్ల, పిక్క మీద నొప్పి, చుట్టూ పెద్దవాళ్లు, తనకు పిచ్చి లేస్తుందని వాళ్ల మాటల్లో వింటోంది. ఆ మాట నాలుగేళ్లుగా లోపల మోస్తోందేమో ఎవరైనా అడిగారా? ఇవాళ రాత్రి పక్కన పడుకోబెట్టుకుని నెమ్మదిగా అడగండి: "కుక్క నిన్ను ఏం చేస్తదనుకుంటున్నవ్ బిడ్డా?" ఏం చెప్పినా నవ్వొద్దు, మధ్యలో అడ్డుకోవద్దు. ఆ తర్వాత నిజం చెప్పండి. కుక్క కాటుకు రేబిస్ అనే జబ్బు రావచ్చు, అది రాకుండానే సూదులు వేస్తారు, నీకు అన్నీ వేశారు, నీకేమీ కాలేదు, కుక్క కరిచిన మనుషులు మొరగరు. తొమ్మిదేళ్ల పిల్లకు ఈ మాటలు అర్థమవుతాయి.

ఇక అది నాలుగేళ్లు ఎందుకు నిలిచిందో చూద్దాం. గల్లీ చివర కుక్క కనిపించింది అనుకుందాం. మీ బిడ్డ వేళ్లు మీ మణికట్టు మీద బిగుసుకుంటాయి, గుండె దడదడలాడుతుంది, కాళ్లు కదలవు. మీరు ఎత్తుకుంటారు, పక్క గల్లీలోకి తిరుగుతారు. నాలుగు ఇళ్లు దాటేసరికి ఊపిరి కుదుటపడుతుంది, మీ భుజం మీద తల వాలుస్తుంది. ఆ నిమిషంలో వచ్చిన ఊరట ఎంత హాయిగా ఉంటుందో! ఆ హాయే ఆమెకు ఒక పాఠం నేర్పుతుంది: "తప్పించుకున్నా కాబట్టే బతికినా" అని. ఆ కుక్క నిజంగా ఏం చేసి ఉండేదో ఆమెకు ఎప్పటికీ తెలియదు. మామూలుగా అయితే ట్రాక్టర్ ట్రాలీ కింద నీడలో పడుకున్నది అలాగే పడుకునేది. ఆ సంగతి చూసే అవకాశం నాలుగేళ్లలో ఒక్కసారి కూడా దొరకలేదు. తప్పించుకోవడం మిత్తికి తెచ్చిన పైసల లాంటిది, ఆ పూట గడుస్తుంది గానీ అప్పు పెరుగుతూనే ఉంటుంది. భయం పుట్టడం ఒక ఎత్తు, అది నిలిచిపోవడం ఇంకో ఎత్తు అని, నిలబెట్టేది ఈ ఊరటేనని 1947లో మౌరర్ అనే మనస్తత్వవేత్త వివరించాడు. ఫోబియా గురించి ఒక్క విషయమే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

మీరు తప్పు చేశారని ఇదంతా చెప్పడం లేదు. బిడ్డ వణుకుతుంటే ఏ తల్లి ఎత్తుకోదు? మీరు ఎత్తుకున్నది ప్రేమతోనే. ఇకముందు ఆ ప్రేమను ఇంకో తీరుగా చూపించాలి, అంతే.

మీ తమ్ముడి సంగతి. ఆయన ఉద్దేశం మంచిదే, భయపడే దానికి ఎదురుగా నిలబెట్టాలన్న ఆలోచనా పూర్తిగా తప్పు కాదు. ఒకేసారి పెద్ద భయానికి ఎదురు నిలబెట్టే చికిత్స నిజంగానే ఉంది. కానీ దానికి మనిషి ముందే ఒప్పుకోవాలి, ఏం జరగబోతుందో తెలిసి ఉండాలి, భయం దిగేదాకా అక్కడే ఉండాలి. మీ బిడ్డను అడగలేదు, చెప్పలేదు. ఒళ్లో కుక్కపిల్ల, ఒళ్లంతా వణుకు, భయం తారస్థాయిలో ఉండగానే తప్పించేశారు. అలా ఆగిపోతే శరీరం నేర్చుకునేది ఒక్కటే, కుక్కపిల్ల కూడా ప్రమాదమే అని. దానికి మామ కూడా తోడయ్యాడు. ఆయన్ను ఇంటికి పిలవండి, చేతిలో ఏమీ లేకుండా. "నిన్ను అడగకుండ చేసిన బిడ్డా, ఇంకెప్పుడు చెయ్య" అని ఆమెకు వినపడేలా చెప్పమనండి. ఇది చిన్న విషయమనుకోవద్దు. మీరు చేయబోయే పని మొత్తం "నేను వద్దంటే ఆపుతారు" అన్న నమ్మకం మీదే నడవాలి.

సరైన పద్ధతికి వందేళ్ల చరిత్ర ఉంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికా మనస్తత్వవేత్త పీటర్ అనే చిన్నపిల్లవాడి గురించి రాసింది. వాడికి కుందేలంటే హడలు. పిల్లవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి ఇష్టమైనది తినడానికి పెట్టేవారు, కుందేలును పంజరంలో గదికి ఆ చివర ఉంచేవారు. వాడు తింటూ ఉండగా రోజురోజుకూ కొంచెం కొంచెం దగ్గరికి జరిపారు. భయం లేని పిల్లలు కుందేలుతో ఆడటం కూడా వాడికి చూపించారు. చివరికి కుందేలు వేళ్లు కొరుకుతున్నా ఊరుకునేదాకా వచ్చాడు. ఇదే పద్ధతిని తర్వాత జోసెఫ్ వోల్పే అనే దక్షిణాఫ్రికా వైద్యుడు మెట్లుగా తీర్చి, ఒళ్లు సడలించే అభ్యాసంతో కలిపి 1958లో పుస్తకంగా తెచ్చాడు. ఒళ్లు సడలించడం వచ్చినా రాకపోయినా, భయపడే దాని ముందు తగినంతసేపు నిలబడటమే అసలు మందు అని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి శ్వాస అభ్యాసాలు రావని బెంగపడకండి.

(ఇక్కడ మిగతా పాఠకులకు ఒక మాట. సూది, రక్తం చూస్తే కళ్లు తిరిగి పడిపోయేవాళ్లకు ఒళ్లు సడలించమని చెప్పకూడదు. వాళ్లకు బీపీ ముందు పెరిగి, తర్వాత ఒక్కసారిగా పడిపోతుంది. చేతులు, కాళ్లు, పొట్ట కండరాలను బిగబట్టి బీపీ నిలబెట్టుకోవడం వాళ్లకు నేర్పుతారు. స్వీడన్‌కు చెందిన మనస్తత్వవేత్త ఓస్ట్ ఈ పద్ధతిని రూపొందించాడు. అది వేరే భయం, వేరే ఉత్తరానికి రాస్తాను.)

ఇప్పుడు మీ ఇంట్లో చేయాల్సింది. మొదట భయాన్ని కొలవడం నేర్పండి. కాగితం, పెన్ను అక్కర్లేదు, చేతి వేళ్లు చాలు. పది వేళ్లూ తెరిస్తే ఓర్చుకోలేనంత భయం, పిడికిళ్లు రెండూ మూస్తే ఏమీ లేనట్టు. ఆ తర్వాత ఆమెనే అడిగి వరస కట్టండి, ఏది తక్కువ భయం, ఏది దానికంటే ఎక్కువ అని. ఫోన్‌లో కుక్కపిల్ల ఫొటో రెండు వేళ్లు కావచ్చు. చప్పుడు లేని వీడియో మూడు, సన్నగా మొరుగుడు వినిపిస్తే ఐదు. ఆ వరసలో కింద నుంచి మొదలుపెట్టండి. పీటర్‌కు తినడానికి పెట్టినట్టే, ఈ ఎండాకాలం పచ్చి మామిడి ముక్కలకు ఉప్పుకారం అద్ది గిన్నెలో పెట్టి ఇవ్వండి, ఆమె తింటూ వీడియో చూస్తుంది. వేళ్లు సగానికి దిగేదాకా అదే వీడియో మళ్లీ మళ్లీ చూడనివ్వండి. పది నిమిషాలు పట్టొచ్చు, ముప్పావుగంట పట్టొచ్చు. వేళ్లు పైకెక్కి ఉండగా మాత్రం ఆపకండి. మరీ ఓర్చుకోలేకపోతే ఒక మెట్టు కిందికి దిగి, అక్కడ నెమ్మదించాక ఆ రోజుకు చాలించండి.

ఫోన్ అయిపోయాక డాబా మీదికి ఎక్కండి. పొద్దున పూట గల్లీలో కుక్కలు ఏం చేస్తున్నాయో పై నుంచి చూడమనండి. ఏది ఎక్కడ పడుకుంటుంది, ఎవరు బువ్వ వేస్తారు, తోక ఎప్పుడు ఊపుతుంది, చెవులు ఎప్పుడు నిక్కబొడుస్తుంది. భయంతో చూసే పిల్ల కుక్క పళ్లను మాత్రమే చూస్తుంది. ఇలా కుతూహలంతో చూస్తే మిగతా కుక్క కూడా కనిపించడం మొదలవుతుంది.

తర్వాతి మెట్టుకు మంచి కుక్క కావాలి. ఊళ్లో ఎవరైనా ఇంట్లోనో బావి దగ్గరో పెంచుకునేది, టీకాలు వేయించినది, కాస్త వయసు మీరినది, యజమాని మాట వినేది. యజమాని దాన్ని గొలుసుతో పట్టుకుని కూర్చుంటాడు. ఎంత దూరంలో నిలబడాలో మీ బిడ్డ చెబుతుంది. వీధి ఆ చివర నుంచి చూస్తానంటే అక్కడే నిలబడండి. వేళ్లు దిగాక "ఇంకొన్ని అడుగులు పోదామా?" అని అడగండి. వద్దంటే వద్దు. ముందుకు వేసే అడుగు ఆమెదే కావాలి.

ఈ పనిలో మీ నోటికి ఒక చిన్న కట్టుబాటు ఉంది. "ఏం కాదు, ఏం కాదు, నేనున్న కదా" అని పదేపదే అనకండి. ఆ మాట వినిపిస్తేనే ధైర్యం వచ్చేలా అలవాటైపోతుంది. మీరు లేని చోట మళ్లీ మొదటికే వస్తుంది. బదులుగా మొదలుపెట్టే ముందు ఒకటే ప్రశ్న అడగండి: "ఇప్పుడు ఏమైతదనుకుంటున్నవ్?" "దుంకి కరుస్తది" అంటుంది. అయిపోయాక మళ్లీ అడగండి: "ఏమైంది?" "ఆవులించి పండుకున్నది" అని తన నోటితో తానే చెప్పాలి. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య ఆ తేడాను తానే గమనించినప్పుడు పాఠం లోతుగా నాటుకుంటుంది. మెచ్చుకోలు కూడా ఏడవనందుకు ఇవ్వకండి, నిలబడినందుకు ఇవ్వండి. ఏడుస్తూ నిలబడినా అది గెలుపే.

చేతనైతే రోజూ చేయండి. వారానికి ఒకసారి చేస్తే మధ్యలో భయం మళ్లీ పుంజుకుంటుంది. ఒక కుక్కతో కుదిరాక ఇంకో కుక్క, ఇంకో రంగు, ఇంకో ఊరు. లేకపోతే "ఆ ఇంటి కుక్క మంచిది, మిగతావి చెడ్డవి" అన్న దగ్గర ఆగిపోతుంది. బడి విషయంలోనూ ఇంతే. వాళ్ల నాయన గేటు లోపలి దాకా దించడం మాని ముందు గేటు బయట, తర్వాత రెండు కరెంటు స్తంభాల ముందు దించి, కనపడేలా నిలబడాలి. చివరికి మీ గడప దగ్గరే నిలబడి చెయ్యి ఊపాలి.

గల్లీ కుక్కల ప్రమాదం మన దగ్గర నిజమైనదే, అందుకే ఇది గట్టిగా చెబుతున్నాను. మీ లక్ష్యం బిడ్డ కుక్కలను ముద్దు చేయడం కాదు. గల్లీలో కుక్క ఉన్నా తన దారిన తాను నడిచిపోగలగడమే. ఊర కుక్కలను అభ్యాసానికి వాడొద్దు, ముట్టుకోనివ్వొద్దు. తింటున్న, పడుకున్న, పిల్లలున్న కుక్క జోలికి పోవద్దని నేర్పండి. కుక్క వెంబడిస్తే ఉరకొద్దు. చేతులు దగ్గరికి పెట్టుకుని, దాని కళ్లలోకి చూడకుండా కదలకుండా నిలబడాలి, అది పట్టించుకోవడం మానేశాక మెల్లగా వెనక్కి జరగాలి. కింద పడితే ముడుచుకుని, చెవులు, మెడ చేతులతో కప్పుకోవాలి. ఇంట్లో దీన్ని ఆటగా చేయించండి. ఏం చేయాలో తెలిసిన పిల్లకు భయం కూడా తగ్గుతుంది. ఎప్పుడైనా మళ్లీ పన్ను తగిలితే, చిన్న గీరే అయినా, పారే నీళ్లు, సబ్బుతో పావుగంట కడిగి అదే రోజు దవాఖానకు తీసుకెళ్లాలి. పసరు, కారం, సున్నం ఏదీ పూయొద్దు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతికించడం దాదాపు అసాధ్యం, ముందే వేసే టీకా మాత్రం బాగా కాపాడుతుంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత కాలం మాట, ఇప్పుడు చేతికే వేస్తారు.

గోలీల గురించి అడిగారు. కుక్కంటే భయాన్ని పోగొట్టే గోలీ లేదు. మత్తు కలిగించే మందులు ఆ పూటకు వణుకు తగ్గిస్తాయి గానీ, కొత్త పాఠం నేర్చుకోవడానికి అడ్డం కూడా రావచ్చు. మెడికల్ షాపులో అడిగి బిడ్డకు ఏదీ వేయకండి. ఆమెకు నిద్ర పట్టకపోవడం, తిండి తగ్గడం, పడుకున్నప్పుడు ఆ కాటు మళ్లీ జరుగుతున్నట్టు ఉలిక్కిపడి లేవడం ఉంటే డాక్టర్ చూసి నిర్ణయించాలి.

తాయత్తును తెంపకండి. మీ అత్త మనవరాలి మీద ప్రేమతో కట్టించింది, దాని మీద ఇంట్లో గొడవ పడితే బిడ్డకు ఇంకో బరువు. ఒక్కటి మాత్రం చూసుకోండి. కుక్క దగ్గర నిలబడ్డాక "తాయత్తు కాపాడింది" అని ఎవరూ అనకూడదు, "నువ్వు నిలబడ్డవ్" అనాలి. అత్తను కూడా ఈ పనిలో కలుపుకోండి, డాబా మీద మనవరాలి పక్కన కూర్చుని కుక్కల కథలు చెప్పమనండి. నాలుగు నెలలకో ఆరు నెలలకో ఆ తాయత్తు స్నానం దగ్గర తీసిపెట్టి మర్చిపోయిన రోజు కూడా బడికి నడిచి వెళ్తుంది.

గురుకులానికి పంపండి. ప్రవేశ పరీక్ష రాసి తెచ్చుకున్న సీటు అది, దాన్ని కుక్కలకు వదిలేయొద్దు. ఒకవేళ వదిలేస్తే ఇప్పటిదాకా చేసిన తప్పించుకోవడాలన్నిటిలో అదే పెద్దది అవుతుంది, భయం కూడా అంతే పెరుగుతుంది. చేరకముందే ఒకరోజు వెళ్లి ప్రిన్సిపాల్‌ను, వార్డెన్‌ను కలిసి విషయం దాచకుండా చెప్పండి. అలాంటి చోట్ల కుక్కలు ఎక్కువగా మెస్ వెనక, మిగిలిన అన్నం పారేసే దగ్గర చేరతాయి. దాన్ని మూత ఉన్న డ్రమ్ములో వేయించమని అడగండి, అది పిల్లలందరికీ మంచిది. డార్మిటరీ నుంచి మెస్‌కు, మెస్ నుంచి తరగతికి ఉన్న దారుల్లో బిడ్డతో కలిసి ఒకసారి నడవండి. అక్కడ ముందు నుంచి చదువుతున్న పిల్లను ఎవరినైనా తోడుగా జతచేయమని కోరండి. జూన్ నాటికి అన్ని మెట్లూ పూర్తికాకపోయినా ఫరవాలేదు, సెలవులకు వచ్చినప్పుడు ఆగిన చోటు నుంచి మొదలుపెట్టవచ్చు.

సమయం తక్కువ ఉంది కాబట్టి మీరొక్కరే మోయకండి. మహబూబ్‌నగర్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. (నల్గొండ వైపు పాఠకులు అక్కడి జనరల్ ఆసుపత్రికి వెళ్లవచ్చు.) ఓపీ చీటీ దగ్గర సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. "భయపడే దాన్ని మెట్టు మెట్టుగా ఎదుర్కొనే ఎక్స్‌పోజర్ చికిత్స చేస్తారా, సైకాలజిస్ట్ ఉన్నారా" అని సూటిగా అడగండి. అంత దూరం వెళ్లే ముందు మాట్లాడాలనిపిస్తే మానసిక ఆరోగ్య సలహాలిచ్చే టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ ఇది, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నేను పైన చెప్పిన ఓస్టే, ఇలా ఒక్కదానికే కట్టుబడిన భయాల విషయంలో శిక్షణ ఉన్నవాళ్లు మూడు గంటల వరకు సాగే ఒకే ఒక్క బైఠక్‌లో చాలా దూరం తీసుకెళ్లవచ్చని కూడా చూపించాడు. కాబట్టి జూన్‌కు ఉన్న ఈ కొద్ది టైములో కూడా చాలా చేయవచ్చు.

మధ్యలో వెనక్కి పడే రోజు వస్తుంది. పీటర్‌కూ వచ్చింది. చికిత్స సగంలో ఉండగా స్కార్లెట్ ఫీవర్ వచ్చి ఆసుపత్రిలో చేరాడు. అక్కడి నుంచి వస్తుంటే ఒక పెద్ద కుక్క వాడి మీదికి, వెంట ఉన్న నర్సు మీదికి దూకింది. కుందేలు భయం మొత్తం మొదటికొచ్చింది. మేరీ కవర్ జోన్స్ వదిలేయలేదు. తినిపిస్తూ కుందేలును దగ్గరికి జరిపే పద్ధతి మొదలుపెట్టింది ఆ తర్వాతే. మీ గల్లీలో కూడా ఏ కుక్కో మొరిగి మీదికి వస్తే రెండు మెట్లు కిందికి దిగి మళ్లీ ఎక్కించండి. రెండోసారి ఎక్కడం సాధారణంగా తొందరగానే అవుతుంది.

చివరగా మీ చిన్నోడు. అవును, చూసి నేర్చుకోవడం జరుగుతుంది. సూసన్ మినెకా అనే అమెరికా మనస్తత్వవేత్త కోతుల్లో దీన్ని చూసింది. ల్యాబ్‌లో పుట్టిన కోతులకు పాములంటే భయం ఉండేది కాదు, అడవిలో పుట్టిన పెద్ద కోతులు బెదరడం చూసి నిమిషాల్లో నేర్చుకున్నాయి. కానీ పాము దగ్గర బెదరకుండా నెమ్మదిగా ఉన్న కోతిని ముందే చూసిన పిల్ల కోతుల్లో చాలావాటికి ఆ తర్వాత బెదిరే కోతిని చూసినా భయం అంటలేదు. మనుషుల్లోనూ ఇలాంటిదే కనిపించింది. 1967లో ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త కుక్కలంటే భయపడే చిన్నపిల్లలకు, భయం లేని ఒక పిల్లవాడు కుక్కతో ఆడుకోవడం నాలుగు రోజులు చూపిస్తే, వాళ్లలో చాలామంది తామే కుక్క దగ్గరికి వెళ్లగలిగారు. కాబట్టి అక్క అభ్యాసం మొదలుపెట్టిన తొలి రోజుల్లో చిన్నోణ్ని అక్కడికి తీసుకురావద్దు. వాళ్ల నాయన వాణ్ని వేరే పూట ఆ కుక్క ఉన్న ఇంటికి తీసుకెళ్లి, తాను దాని వీపు నిమురుతుంటే దూరం నుంచి చూడనివ్వాలి. మూడేళ్ల పిల్లలు చెవులు, తోక గుంజుతారు, అందుకని ఎంత మంచి కుక్కయినా వాణ్ని దాని దగ్గర ఒంటరిగా వదలకండి. మీకు కూడా కుక్కలంటే భయమో కాదో ఉత్తరంలో రాయలేదు. ఉంటే డాబా మీద వేళ్లు చూపించే ఆటలో మీరూ బిడ్డతో పాటు చూపించండి.